గుంటూరు–బెజవాడ లోకల్‌కి డబుల్ డెక్కర్ పనికొస్తుందా? బయటి దేశాల్లో ఎక్కినవాళ్లు చెప్పండి

కొత్తపేట_సీజన్‌టికెట్ · ఆదివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా గుంటూరు నుంచి బెజవాడకు రోజూ మెమూలో, అంటే కరెంటు లోకల్ రైల్లో, వెళ్లొస్తున్నాను. దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. అయినా పొద్దున పూట మంగళగిరి దాటాక పెట్టెలో కాలు మార్చి నిలబడే చోటు ఉండదు. నిన్న నా పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు, "దీనికి పైన ఇంకో అంతస్తు వేస్తే సగం మంది పైకి పోతారు కదయ్యా" అన్నారు. ఆ మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మన వైపు డబుల్ డెక్కర్ రైలు కొత్తదేం కాదు. 2014లో కాచిగూడ నుంచి నడికుడి మీదుగా మన గుంటూరుకే ఏసీ డబుల్ డెక్కర్ వేశారు. జనం ఎక్కకపోవడంతో తర్వాత తీసేశారు. 2019 సెప్టెంబరు నుంచి విశాఖ–విజయవాడ ఉదయ్ నడుస్తోంది. విశాఖ–తిరుపతి డబుల్ డెక్కర్ కూడా బెజవాడ మీదుగానే పోతుంది. కానీ ఇవన్నీ ముందు ఇంజన్ తగిలించి లాగే దూరపు బండ్లు. నేనడిగేది నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగే లోకల్ గురించి. సిడ్నీలోనూ పారిస్‌లోనూ అలాంటి కరెంటు లోకళ్లే రెండంతస్తులవి నడుస్తాయని విన్నాను. అక్కడ ఉన్నవాళ్లు, ఎక్కినవాళ్లు ఎలా ఉంటుందో చెప్పండి. మనకు పనికొస్తుందా రాదా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

పాత_మోటర్‌మ్యాన్ · ఆదివారం, ఉదయం 8:02

బాబూ, మంచి విషయం ఎత్తావు. ముప్పై నాలుగేళ్లు ఈ లైన్ల మీద బండి నడిపి రిటైరైనవాణ్ని. ముందు అసలు ఆ పెట్టె ఎలా కడతారో చెబుతాను. అది తెలిస్తే మిగతా సంగతులు సులువుగా అర్థమవుతాయి.

పైన ఇంకో అంతస్తు వేస్తారనుకుంటారు అందరూ. నిజానికి కిందికి తవ్వుతారు. మామూలు పెట్టెలో నేల మొత్తం చక్రాల మీద ఒకే ఎత్తులో పరిచి ఉంటుంది. డబుల్ డెక్కర్‌లో రెండు చివర్ల చక్రాల చట్రాలు ఉన్నంత మేర నేల మామూలు ఎత్తులోనే ఉంటుంది. వాటి మధ్య భాగాన్ని గుంటలా కిందికి దించుతారు. ఆ గుంటలో కింది అంతస్తు, దాని నెత్తిన పై అంతస్తు. అందుకే పెట్టె మొత్తం ఎత్తు మామూలు దానికంటే అడుగు అటూ ఇటుగా మాత్రమే పెరుగుతుంది. పై కరెంటు తీగకు తగులుతుందేమోనన్న భయం అక్కర్లేదు. కపుర్తలాలో చేసిన మన ఏసీ డబుల్ డెక్కర్ పెట్టెలో 120 సీట్లు: పైన 50, కింద 48, చివర్లలో 22. అదే మామూలు ఏసీ ఛైర్‌కార్‌లో 78. అంటే సీట్లు ఒకటిన్నర రెట్లు అయ్యాయి, రెట్టింపు కాలేదు. మెట్లకి, పక్కన నడిచే దారికి చోటు పోతుంది కదా.

ఇక లోకల్ బండి దగ్గరికి వస్తే అసలు చిక్కు వేరే ఉంది. మెమూలో ఇంజన్ విడిగా ఉండదు, మోటారు పెట్టెలు మధ్యమధ్యలో ఉంటాయి. కొంత సామాను పెట్టె కింద వేలాడుతుంటుంది. కింది అంతస్తు వేయాలంటే ఆ చోటు ఖాళీ చేయాలి. మరి ఆ సామానంతా ఎక్కడికి పోవాలి? మన తీగలో 25 కేవీ (25 వేల వోల్టుల) ఏసీ కరెంటు, దాన్ని తగ్గించడానికి ప్రతి మోటారు యూనిట్‌కీ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇది ఎవరు ఎలా పరిష్కరించారో తెలుసుకోవాలని నాకూ ఉంది.

సిడ్నీలో_బ్రాడీపేట · ఆదివారం, ఉదయం 9:25

బాబాయ్ గారూ, నమస్తే. మాది బ్రాడీపేట. పదకొండేళ్లుగా సిడ్నీలో ప్యారామాటా దగ్గర ఉంటున్నాం. రోజూ ఎక్కేది డబుల్ డెక్కర్ లోకలే, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ఇక్కడ 1964లో మోటారు లేని పెట్టెలను రెండంతస్తులవి చేయించి, పాత మోటారు పెట్టెల మధ్య కలిపారు. 1968లో మోటారు పెట్టెలు కూడా డబుల్ డెక్కర్‌వే తయారు చేశారు. పూర్తిగా రెండంతస్తుల కరెంటు లోకల్ ప్రపంచంలో మాదే మొదటిదని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. 1972 నుంచి వరసగా అవే చేయించుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది వారాటా అనే బండి, 2011లో మొదలైంది. ఎనిమిది పెట్టెలు, దాదాపు 900 సీట్లు. ఈ ఊళ్లో భూమి కింద సొరంగాలు 1920లలో తవ్వారు. అప్పుడే విశాలంగా తవ్వబట్టి తర్వాత ఇంత ఎత్తు బండి అందులో పట్టింది.

బాబాయ్ గారడిగిన సామాను సంగతి: ఇక్కడ కరెంటు 1500 వోల్టుల డీసీ. తీగ నుంచి తీసుకున్నది తీసుకున్నట్టే వాడుకోవచ్చు కనుక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బరువు లేదు. మిగతాది చక్రాల పైన, పెట్టె చివర్లలో సర్దేశారు.

ఎక్కగానే మధ్య మట్టంలో చిన్న వసారాలాంటిది ఉంటుంది. అక్కడి నుంచి కొన్ని మెట్లు పైకి, కొన్ని మెట్లు కిందికి. సీట్లు ఒక పక్క మూడు, ఒక పక్క రెండు. సీటు వీపు భాగాన్ని చేత్తో అవతలికి నెడితే ధన్‌మని పడి మన ముఖం బండి వెళ్లే వైపుకి తిరుగుతుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి వారం అంతా ఆ సీటు అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది.

కూర్చుని వెళ్లడానికి దీన్ని మించింది లేదు. ప్యారామాటా నుంచి ఊళ్లోకి అరగంట పైనే పడుతుంది. అంతసేపూ కూర్చుని చదువుకోవచ్చు. కష్టమంతా ఊరి నడిబొడ్డున టౌన్‌హాల్, విన్యార్డ్ స్టేషన్లలో. పెట్టెకు ఒక పక్కన రెండు తలుపులే. పైనుంచి దిగేవాళ్లు, కింది నుంచి ఎక్కి వచ్చేవాళ్లు, బయటి నుంచి లోపలికి వచ్చేవాళ్లు అందరూ ఆ చిన్న వసారాలోనే కలుస్తారు. నిమిషం గడిచినా తలుపులు మూయలేని రోజులున్నాయి. అందుకే ఒక లైన్ మీద గంటకు ఇరవై బండ్లకు మించి పంపడం కష్టమైపోయింది.

2019లో ఇదే ఊళ్లో కొత్తగా మెట్రో వేశారు. డ్రైవరు లేని బండి, ఒకే అంతస్తు, పెట్టెకు పక్కకి మూడు తలుపులు. యాభై ఏళ్లు డబుల్ డెక్కర్‌ని నెత్తిన పెట్టుకున్న ఊరు కొత్త లైన్‌కి సింగిల్ డెక్కర్ ఎంచుకుంది. అదెందుకో ఒక్కసారి ఆలోచించండి.

తెనాలి_లెక్చరర్ · ఆదివారం, ఉదయం 10:40

సిడ్నీ తమ్ముడు చెప్పిన వసారా మాట దగ్గరే నేను ఆగిపోయాను. నేను తెనాలి నుంచి బెజవాడ వస్తాను. పొద్దున బండిలో దుగ్గిరాలలో కూరగాయల గంపతో ఒకావిడ ఎక్కుతుంది. పేరు తెలియదు, అందరం పిన్నీ అంటాం. గంప తలుపు పక్కనే దించి, దాని అంచు మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. సీటు ఇస్తామన్నా రాదు, గంపని వదలదు. బెజవాడలో గంప నెత్తికెత్తడానికి ఎవరో ఒకరు చెయ్యి వేయాలి.

మెట్లున్న పెట్టెలో పిన్ని గంప ఎక్కడ పెట్టాలి? ఆ వసారాలోనే పెట్టాలి. అది పెడితే మిగతావాళ్లు దిగడానికి దారి ఉండదు. పాలక్యాన్లు, పువ్వుల బుట్టలు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, మోకాళ్ల నొప్పులవాళ్లు, అందరికీ అంతే. మన లోకల్ అంటే బ్యాగు భుజాన వేసుకున్న ఆఫీసువాళ్లది మాత్రమే కాదు. సీట్లు పెరిగితే సంతోషమే, నేనూ రోజూ నిలబడే మనిషినే. కానీ తలుపు సంగతి తేల్చకుండా సీట్ల లెక్క వేయొద్దు.

తారాపేట_వాసి · ఆదివారం, ఉదయం 11:15

ఉదయ్‌లో వైజాగ్ దాకా మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లాను. కింది అంతస్తులో సీట్లు వచ్చాయి. బెజవాడ ప్లాట్‌ఫారం మీద బండి ఆగి ఉండగా కిటికీలోంచి చూస్తే కనిపించేది మనుషుల కాళ్లే. చెప్పులు, బూట్లు, సూట్‌కేసు చక్రాలు, టీ అమ్మే అబ్బాయి బకెట్ అడుగు. మన ప్లాట్‌ఫారాలు ఎత్తు, కింది అంతస్తు నేల దానికంటే పల్లం. నాన్న "ఇదేంట్రా, గోతిలో కూర్చోబెట్టావు" అన్నారు. కానీ బండి కదిలాక కుదుపు తక్కువే, అమ్మ హాయిగా నిద్రపోయింది. తిరుగు ప్రయాణంలో పైన కూర్చున్నాం. గోదావరి వంతెన మీద ఆ ఎత్తు నుంచి చూస్తుంటే ఇద్దరూ మాట్లాడకుండా కిటికీకి అతుక్కుపోయారు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం అమ్మ మోకాళ్లు పట్టుకుంది. దారి ఇరుకు, వెనకాల ఇద్దరు పెట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఐదారు గంటల ప్రయాణానికి ఒకసారి ఎక్కి ఒకసారి దిగుతాం కాబట్టి ఓర్చుకోవచ్చు. లోకల్‌లో రోజూ అంటే కష్టం.

పారిస్_రిటర్న్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

సిడ్నీ అన్నయ్య చెప్పింది నిజమే. కానీ తలుపుల సమస్యని ఎదుర్కొన్న ఊరు ఒకటుంది. పారిస్‌లో రెండేళ్లు చదువుకున్నాను, రోజూ ఆర్ఈఆర్ ఏ అనే సబర్బన్ రైలు లైన్‌లో తిరిగాను. ఐరోపాలోనే బాగా రద్దీ ఉండే లైన్లలో అదొకటి, రోజుకు పది లక్షల మందికి పైగా ఎక్కుతారు. 1997లో అక్కడికి కొత్త రకం డబుల్ డెక్కర్లు తెచ్చారు, 2011 నుంచి వాటి తర్వాతి రకం వచ్చింది. 2017 నాటికి ఆ లైన్ మీద సింగిల్ డెక్కర్ ఒక్కటీ మిగల్లేదు.

వాళ్లు చేసింది ఏమిటంటే, పెట్టెకు పక్కకి మూడు తలుపులు పెట్టారు. ఒక్కోటి రెండు మీటర్ల వెడల్పు, ముగ్గురు పక్కపక్కన నడిచి దిగొచ్చు. రెండు తలుపులు చివర్లలో, ఒకటి నడిమధ్యలో. మధ్య తలుపు కోసం పై అంతస్తులో, కింది అంతస్తులో సీట్లు వదులుకున్నారు. అయిదేసి పెట్టెల యూనిట్లు రెండు కలిపితే దాదాపు 2,600 మంది పడతారు, అందులో ఎక్కువమంది నిలబడేవాళ్లే. తెలివైన పని ఏమిటంటే, దూరం వెళ్లేవాళ్లు పైకో కిందికో పోతారు, రెండు మూడు స్టేషన్లలో దిగిపోయేవాళ్లు తలుపుల దగ్గరే నిలబడతారు. ఎవరూ చెప్పకుండానే జనం అలా సర్దుకుంటారు. నేను ఊరి నడుమ షాత్లే స్టేషన్‌లో ఎక్కి ఊరి బయట దిగేదాన్ని, కాబట్టి తిన్నగా పైకి వెళ్లేదాన్ని.

మోటర్‌మ్యాన్ తాతగారూ, మీ ప్రశ్నకు ఇంకో సంగతి. ఆ బండ్లు ఊళ్లో 1500 డీసీ మీద, పడమటి శాఖల్లో 25 కేవీ ఏసీ మీద, రెండింటి మీదా నడుస్తాయి. అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోస్తూనే రెండంతస్తులు కట్టొచ్చన్నమాట.

పాత_మోటర్‌మ్యాన్ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

శభాష్ తల్లీ. చాలా కాలం నుంచి ఉన్న సందేహం తీరింది.

నంబూరు_ఎంటెక్ · ఆదివారం, మధ్యాహ్నం 3:20

నేను ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేస్తున్నాను. సీనియర్ల మధ్య రెండు మూడు మాటలు కలుపుతాను.

సిడ్నీ అన్నా, మీదానికంటే ముందే ఇంగ్లండ్‌లో ఒక ప్రయత్నం జరిగింది. 1949లో లండన్ నుంచి డార్ట్‌ఫర్డ్ వైపు నడిపారు. ఆలివర్ బుల్లీడ్ అనే ఇంజినీరు ఆలోచన అది. అక్కడి సొరంగాలు, వంతెనలు ఇరుకు. అందుకని పూర్తిగా రెండంతస్తులు కుదరక, కింద ఒక గది, దానికి కాస్త పైన ఇంకో గది, మెట్లలాగా ఒకదానిలో ఒకటి ఇరికించి కట్టారు. పై గదుల కిటికీలు తెరవడానికి కూడా వీల్లేదు. జనం ఎక్కి దిగడానికి ఆలస్యమై బండ్లు వెనకపడేవి. చివరికి బండి పొడవు ఎనిమిది పెట్టెల నుంచి పదికి పెంచుకోవడమే మేలని తేల్చుకున్నారు. ఆ డబుల్ డెక్కర్లు రెండింటితోనే ఆగిపోయాయి, 1971లో తీసేశారు.

జపాన్‌లో 1992లో 215 రకం అని పది పెట్టెల డబుల్ డెక్కర్ లోకల్ తెచ్చారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ టోక్యో రద్దీలో పెట్టెకు రెండే తలుపులంటే ఎలా? అక్కడి మామూలు లోకల్ పెట్టెకు ఒక పక్కే నాలుగు తలుపులుంటాయి. అందుకని దాన్ని సీటు దొరికితే చాలనుకునేవాళ్ల ప్రత్యేక బండిగా మార్చుకున్నారు, 2021లో ఆపేశారు. ఆ పాఠం వాళ్లు బాగా ఒంటబట్టించుకున్నారు. ఇప్పుడు టోకైడో లైన్ లోకల్‌లో పదిహేను పెట్టెలుంటే రెండింటిని మాత్రమే డబుల్ డెక్కర్ చేస్తారు. వాటికి అదనపు టికెట్. మిగతావన్నీ నాలుగు తలుపుల పెట్టెలు. దూరం వెళ్లేవాళ్లు డబ్బు పెట్టి పైన కూర్చుంటారు, దగ్గరలో దిగేవాళ్లు మామూలు పెట్టెలో నిలబడతారు. దక్షిణ కొరియాలో 2012లో వచ్చిన ఐటీఎక్స్ చోంగ్‌చున్ బండిలోనూ ఎనిమిదింట రెండే డబుల్ డెక్కర్లు.

ఇక నాకు బాగా నచ్చింది పోర్చుగల్. అది చెప్పడానికే ఇంత రాశాను. లిస్బన్ నగరానికి, అవతలి ఒడ్డున ఉన్న ఊళ్లకి మధ్య తేజో నది ఉంది. దాని మీద 1966లో పెద్ద వేలాడే వంతెన కట్టారు, అప్పుడు కార్లకి మాత్రమే. ఆ రోడ్డు కిందే పట్టాలు పరిచి 1999లో రైలు నడిపారు. ఆ బండ్లు ఫెర్టాగుస్ అనే ప్రైవేటు సంస్థవి, నాలుగు పెట్టెల డబుల్ డెక్కర్ ఈఎంయూలు, అంటే ఇంజన్ విడిగా లేకుండా పెట్టెల్లోనే మోటార్లుండే కరెంటు బండ్లు. కరెంటు మనలాగే 25 కేవీ ఏసీ. పట్టాల వెడల్పు 1668 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ 1676. ఎనిమిది మిల్లీమీటర్ల తేడా! నది దాటి పనికి వెళ్లే జనం, ఒక పెద్ద వంతెన, అవతల ఊళ్లు. మన కృష్ణ, మన బెజవాడ, అవతల తాడేపల్లి, మంగళగిరి. ఈ పోలిక చూసినప్పటి నుంచి పొద్దున నంబూరులో బండి ఎక్కిన ప్రతిసారీ అదే గుర్తొస్తోంది.

కొత్తపేట_సీజన్‌టికెట్ · ఆదివారం, సాయంత్రం 5:00

తమ్ముడూ, వంతెన మాట చెప్పి మనసు లాగేశావు. బండి కృష్ణ మీదికి రాగానే ఎవరో ఒకరు ఇప్పటికీ చిల్లర తీసి నీళ్లలో వేసి దండం పెట్టుకుంటారు. బెజవాడ నుంచి వచ్చేటప్పుడు కుడి పక్కన ప్రకాశం బ్యారేజీ, సాయంత్రమైతే దాని వెనక సూర్యుడు. పై అంతస్తు నుంచి అది చూడాలని ఉంది, నిజంగానే ఉంది. కానీ లెక్చరర్ మేడమ్ చెప్పిన గంప కూడా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

పటమట_నాన్న · ఆదివారం, రాత్రి 8:45

మా అబ్బాయి కాలిఫోర్నియాలో సన్నీవేల్‌లో ఉంటాడు. 2024 అక్టోబరులో వెళ్లినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో–శాన్‌హోసే మధ్య తిరిగే క్యాల్‌ట్రైన్ ఎక్కాను. అంతకు నెల ముందే అది పూర్తిగా కరెంటుకి మారింది. అంతకుముందు డీజిల్ ఇంజన్ లాగేది. అప్పుడూ రెండు వరసల పెట్టెలే. వాటిలో పై వరస రెండు పక్కలా అటకలాగా ఉండేదట. మధ్యలో ఖాళీ కాబట్టి టీసీ కింద నడుస్తూనే చెయ్యి చాపి పైవాళ్ల టికెట్ చూసేవాడట. ఎంత బాగుందో ఆ ఆలోచన.

ఇప్పుడు వచ్చినవి స్విట్జర్లాండ్ కంపెనీ స్టాడ్లర్ వాళ్ల కిస్ అనే రెండంతస్తుల కరెంటు బండ్లు. అబ్బాయి చెప్పాడు, అన్ని స్టేషన్లలో ఆగే బండికి పాత రోజుల్లో వంద నిమిషాలు పట్టేదట, ఇప్పుడు డెబ్బై అయిదు. ఆగినచోట నుంచి లేచే వేగమే దానికి కారణం. ఒళ్లో మజ్జిగ గ్లాసు పెట్టుకుని కూర్చున్నా తొణకదనిపించింది. బండిలో సైకిళ్లకి విడిగా పెట్టెలున్నాయి. సైకిలు మీద స్టేషన్‌కి వచ్చి, సైకిలుతో సహా ఎక్కి, దిగి మళ్లీ తొక్కుకుంటూ ఆఫీసుకి పోతున్నారు. మెట్లు ఎక్కలేని నాలాంటివాళ్లకి కింది అంతస్తు తలుపు దగ్గరే ఉంది.

ఆ ఇరవై అయిదు నిమిషాలు పైఅంతస్తు వల్ల మిగల్లేదు, కరెంటు మోటార్ల వల్ల మిగిలాయి. మన లైన్‌కి కరెంటు ఎప్పుడో ఉంది. ఇది గమనించండి.

పాత_మోటర్‌మ్యాన్ · ఆదివారం, రాత్రి 9:30

పటమట సోదరుడు అసలు కీలకం పట్టుకున్నాడు. ఇంజన్ బండిలో లాగే బలమంతా ముందున్న ఆ నాలుగో ఆరో ఇరుసుల మీదే. ఈఎంయూలో బండి పొడవునా చాలా ఇరుసులకి మోటార్లు. చక్రం జారకుండా గట్టిగా పట్టుకుని లేస్తుంది. కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ఆగి మళ్లీ లేచేటప్పుడు ఆ తేడా చేతికే తెలిసేది నాకు. పాత రోజుల్లో ప్యాసింజరు బండి లేవడానికి ఆపసోపాలు పడేది, మెమూ వచ్చాక హ్యాండిల్ తిప్పగానే వీపు సీటుకి ఆనేది. బ్రేకు వేసినప్పుడు కరెంటు తిరిగి తీగలోకి పంపే కొత్త మెమూలు ఇంకా మేలు.

డబుల్ డెక్కర్ వద్దని నేననను. ఏ బండికి అన్నదే ప్రశ్న. జ్యూరిక్‌లో 1990లో సబర్బన్ రైళ్లు మొదలుపెట్టినప్పుడు ఇంజన్, దాని వెనక డబుల్ డెక్కర్ పెట్టెలతో నడిపారు, ఆ తర్వాత ఈఎంయూలు తెచ్చుకున్నారు. జర్మనీలో డెసిరో హెచ్‌సీ అని ఒకటి ఉంది, రెండు చివరి పెట్టెలు ఒకే అంతస్తు, మోటార్లు వాటిలో. మధ్య పెట్టెలు రెండంతస్తులు, వాటికి మోటార్లు లేవు. సామాను ఎక్కడ పెట్టాలన్న చిక్కుని అలా విడదీశారు. ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు కుట్టించుకున్న చొక్కాలు ఇవన్నీ.

సిడ్నీలో_బ్రాడీపేట · సోమవారం, ఉదయం 6:15

ఒక మాటకి ఒప్పుకోను బాబాయ్ గారూ. అందరూ తలుపుల గురించే మాట్లాడుతున్నారు, కూర్చోవడం అనేదాన్ని తేలిగ్గా తీసేస్తున్నారు. రోజుకు రెండు గంటలు, ఏడాదికి మూడొందల రోజులు నిలబడి వెళ్లే మనిషి నడుము సంగతి ఎవరు చూడాలి? మా నాన్న ఇరవై రెండేళ్లు గుంటూరు–బెజవాడ నిలబడే వెళ్లొచ్చారు. ఇంటికొచ్చాక అమ్మ వేడినీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టించేది. ఆయనకు ఒక సీటు ఇచ్చే బండి ఏదైనా నాకు గొప్పదే. పొద్దున ఒక్క బండి, గుంటూరులో బయలుదేరి మంగళగిరిలో మాత్రమే ఆగి బెజవాడ చేరేది, అది డబుల్ డెక్కర్ అయితే తప్పేముంది? అందులో గంపలు ఎక్కవు, మధ్యలో దిగేవాళ్లు ఉండరు.

తెనాలి_లెక్చరర్ · సోమవారం, ఉదయం 10:05

తమ్ముడూ, నాన్నగారి సంగతి చదివి కళ్లు చెమర్చాయి. మీ మాటలో న్యాయం ఉంది.

ఈరోజు తెనాలి బండి వదిలేసి, కావాలనే గుంటూరు వెళ్లి అక్కడి నుంచి వచ్చాను, స్వయంగా చూద్దామని. మంగళగిరిలో నేను నిలబడ్డ తలుపు దగ్గర లెక్కపెట్టాను. దిగినవాళ్లు పధ్నాలుగు మంది. ఎయిమ్స్‌కి వెళ్లే పెద్దవాళ్లు ఇద్దరు, వాళ్ల చేతిలో ఎక్స్‌రే కవర్లు. ఎక్కినవాళ్లు ఇరవై ముగ్గురు. ఫోన్‌లో చూస్తే మొదటి మనిషి కాలు కింద పెట్టినప్పటి నుంచి చివరి మనిషి లోపలికి వచ్చేదాకా యాభై ఎనిమిది సెకన్లు. ఎక్స్‌రే కవరు పట్టుకున్న తాతగారొక్కరే పదకొండు సెకన్లు తీసుకున్నారు. ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో రాడ్డు, కాలితో మెట్టు వెతుక్కుంటున్నారు. ఆయనకి లోపల ఇంకో అరడజను మెట్లు కూడా ఉంటే? మీరు చెప్పే మంగళగిరి ఒక్కచోటే ఆగే బండిలో కూడా ఆయన ఉంటారు తమ్ముడూ. అసలు ఆయన ఎక్కేది అలాంటి బండే.

సిడ్నీలో_బ్రాడీపేట · సోమవారం, ఉదయం 10:40

అక్కా, ఆ తాతగారికి వసారాలోనే సీట్లుంటాయి. ఇక్కడ వృద్ధులకి, చక్రాల కుర్చీవాళ్లకి మెట్లు ఎక్కని ఆ మధ్య మట్టంలోనే చోటు కేటాయిస్తారు. కాకపోతే ప్లాట్‌ఫారం, పెట్టె నేల ఒకే ఎత్తులో ఉండాలి. ఆయన వెతుక్కున్న మెట్టు బండి బయటి మెట్టు కదా. దాన్ని సరిచేయడం ఏ రకం బండికైనా ముందు పని.

తెనాలి_లెక్చరర్ · సోమవారం, ఉదయం 11:00

అవును. అది నేను గమనించలేదు. ఆ మెట్టు బయటిదే.

నంబూరు_ఎంటెక్ · సోమవారం, రాత్రి 9:10

ఇక్కడే ఒక అవకాశం ఉంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా మా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త లైన్ 2024 అక్టోబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన కూడా అందులో ఉంది. సిడ్నీలో 1920ల సొరంగాలు విశాలంగా తవ్వబట్టే నలభై ఏళ్ల తర్వాత ఇంకో రకం బండి ఎంచుకునే వీలు దొరికింది. కొత్త స్టేషన్లలో ప్లాట్‌ఫారాలన్నీ పెట్టె నేలకి సమానమైన ఒకే ఎత్తులో, పదహారు పెట్టెలు పట్టే పొడవుతో కడితే, రేపు మూడు తలుపుల డబుల్ డెక్కర్ తెచ్చినా, ఆటోమేటిక్ తలుపుల మామూలు లోకల్ తెచ్చినా ఇబ్బంది ఉండదు. తర్వాత కూలగొట్టి కట్టాలంటే ఎన్ని ఏళ్లు పడుతుందో మన ఫ్లైఓవర్ల దగ్గర చూస్తూనే ఉన్నాం.

తారాపేట_వాసి · సోమవారం, రాత్రి 9:32

ఉన్న స్టేషన్ల సంగతి కూడా రాయండి. అన్ని చోట్లా ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో లేదు. చీకట్లో చిన్న స్టేషన్‌లో దిగేటప్పుడు కాలు ఎక్కడ ఆనుతుందో తెలియక మా అత్తయ్య మడమ బెణికింది, ఆరు వారాలు కట్టు.

కొత్తపేట_సీజన్‌టికెట్ · మంగళవారం, ఉదయం 6:30

మూడు రోజుల్లో ఇంత నేర్చుకుంటాననుకోలేదు. ఒక అర్జీ రాస్తున్నాను. మీ అందరి మాటలూ కలిపి నాలుగు సంగతులు పెట్టాను. పొద్దున, సాయంత్రం రద్దీ బండ్లకి పెట్టెలు పెంచాలి. గుంటూరు–బెజవాడ మధ్య సాయంత్రం ఆరింటి తర్వాత ఇంకో బండి వేయాలి. ప్లాట్‌ఫారాలన్నీ పెట్టె నేల ఎత్తుకి తేవాలి. నాలుగోది సిడ్నీ తమ్ముడి కోసం, వాళ్ల నాన్నగారి కోసం: తక్కువ చోట్ల ఆగే ఉదయం బండి ఒకటి వేసి, అందులో జపాన్ పద్ధతిలో రెండు పెట్టెలు మాత్రం డబుల్ డెక్కర్‌వి కలిపి ప్రయోగం చేయాలి. మూడు తలుపులుంటేనే అని గట్టిగా రాశాను.

లెక్చరర్ మేడమ్ లెక్క ఒక్క తలుపుది, ఒక్క రోజుది. అర్జీలో పెట్టాలంటే ఇంకాస్త కావాలి. ఈ గురువారం పొద్దున బండిలో ప్రతి పెట్టెకూ ఒకరు ఉంటే బాగుంటుంది. మంగళగిరిలో, కృష్ణా కెనాల్‌లో ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు, ఎన్ని సెకన్లు పట్టింది రాసుకుందాం. నేను ఇంజన్ వైపు నుంచి రెండో పెట్టెలో ఉంటాను.

పటమట_నాన్న · మంగళవారం, ఉదయం 7:20

నాకు గుంటూరు రావడం కుదరదు. కృష్ణా కెనాల్ ప్లాట్‌ఫారం మీద నిలబడి బయటి నుంచి లెక్కపెడతాను. మూడో పెట్టె నాది.

పాత_మోటర్‌మ్యాన్ · మంగళవారం, ఉదయం 7:45

ఇంజన్ వైపు కాదు బాబూ, మెమూకి ఇంజన్ ఉండదు. బెజవాడ వైపు నుంచి రెండో పెట్టె అను. లేకపోతే గురువారం అందరూ తలో చివరా ఎక్కుతారు. నేను గుంటూరులో బండి బయలుదేరడానికి అరగంట ముందే ఒకటో నంబరు ప్లాట్‌ఫారం టీ స్టాల్ దగ్గర ఉంటాను. పెన్నూ కాగితం తెస్తాను. సెకన్లు చూసే ఫోన్లు మీరు తెచ్చుకోండి.